నూనె కారిన రాట

మా బాంగ్ సదావ్ కాలవ ఒడ్డున ఉన్న పాత టేకు ఇల్లు మ్యూజియం అయి పదకొండేళ్లయింది. అప్పటినుంచీ దాని బాగోగులు చూస్తున్నది తావోన్ మాస్టారు. బళ్లో పిల్లలకి వడ్రంగం నేర్పి రిటైరైన మనిషి. నేను ఇంటి కింద, దాన్ని పైకెత్తి నిలబెట్టిన రాటల మధ్య నీడలో, టేబుల్ ఫ్యాను పెట్టుకుని టికెట్లు చింపుతాను. నా పేరు జంపా. చిన్నప్పుడు ఆయన దగ్గరే పీట చెయ్యడం నేర్చుకున్నాను. ఆ పీట ఇప్పటికీ ఒక కాలు మీద ఊగుతుంది. ఆయన ఇప్పటికీ ఆ సంగతి మరిచిపోలేదు.

మాస్టారికి ఆ ఇంటి మీద ఒక ప్రసంగం ఉంది. నలభై రెండు నిమిషాలు. మేకు అన్నది లేకుండా గోడ పలకలు ఒకదాంట్లో ఒకటి ఎలా దూరతాయి, గోడలు లోపలికి ఎందుకు వాలి ఉంటాయి, కప్పు అంత నిటారుగా ఎందుకు, గడప అంత ఎత్తు ఎందుకు, అన్నీ బెత్తంతో చూపిస్తూ చెప్తారు. చెప్పేదంతా నిజమే, మంచిదే. అయితే పదకొండేళ్లలో దాన్ని చివరిదాకా విన్న మనిషి లేడు. బాంకాక్ నుంచి వచ్చినవాళ్లు పదో నిమిషానికి ఫోను చెవికి పెట్టుకునేవాళ్లు, అది మోగకపోయినా సరే. బడిపిల్లలు కప్పు దగ్గరికి వచ్చేసరికి కాలవలోకి రాళ్లు వేస్తూ ఉండేవాళ్లు. ఒక తెల్లాయన కడుపు పట్టుకుని మరుగుదొడ్డి ఎక్కడని అడిగి, వెనక గోడ దూకి వెళ్లిపోయాడు. అతని చెప్పులు రెండు నెలలు మా మెట్ల దగ్గరే ఉన్నాయి. మాస్టారు రోజూ పొద్దున్నే వాటిని దులిపి పెట్టేవారు.

"గడప దగ్గర ఆపాను. తిరిగొస్తే అక్కణ్ణుంచి మొదలుపెడతాను," అనేవారు.

మ్యూజియంలో మూడో మనిషి లమియద్ పిన్ని. ఊడ్చి తుడిచేది ఆమె. మాస్టారు ఆమెకి పెట్టిన నియమం ఒక్కటే. ఇంట్లో నిప్పు ఉండకూడదు, అగరొత్తి కూడా వెలిగించకూడదు. పెరట్లో స్తంభం మీద నిలబెట్టిన చిన్న దేవత గూటికి కూడా ఆయన కరెంటు దీపమే పెట్టించారు. వందేళ్లు దాటిన టేకు, అగ్గిపుల్ల చాలు. అలాంటి ఇంట్లో, మాస్టారు మధ్యాహ్నం అన్నానికి వెళ్లి కునుకు తీసి వచ్చే రెండు గంటల్లో, పైన పాత వంటగదిలో, 'పాత కాలపు మట్టి కుంపటి, ముట్టుకోరాదు' అని అట్ట తగిలించిన కుంపటి మీద పిన్ని అరటిపండు బజ్జీలు వేయించేది. కొబ్బరి కోరు, నువ్వులు కలిపిన పిండిలో ముంచి, దోరగా.

"మీ ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది కదా పిన్నీ, అక్కడ వేయించుకోవచ్చుగా," అని మొదట్లో అన్నాను.

"గ్యాసు మీద ఉడుకుతాయే, వేగవు. ఇది చెయ్యి తిరిగిన కుంపటి. నువ్వు మెట్ల వైపు చూస్తూ ఉండు," అంది పిన్ని.

నేను మెట్ల వైపు చూస్తూ సగం బజ్జీలు తినేదాన్ని. కాబట్టి ఇందులో నా పాపం సగం. మాస్టారికి వాసన తగులుతుందన్న భయం లేదు. నలభై ఏళ్లు రంపంపొట్టు పీల్చి ఆయన ముక్కు ఎప్పుడో పని మానేసింది.

చిక్కల్లా మిగిలిన నూనెతో వచ్చింది. సీసాలో పోస్తే కనపడుతుందని పిన్ని దాన్ని వంటగది మూల వరసగా పెట్టిన పాత చేపరసం జాడీల్లో చివరిదాంట్లో పోసి మూత పెట్టేది. ఆ జాడీ అడుగున వెంట్రుకంత బీట ఎప్పుడు పడిందో మా ఇద్దరికీ తెలియదు. వంటగది నేలంతా వెదురు బద్దలు. కడిగిన నీళ్లు కిందికి పోవాలని సందులు వదులుతారు. ఆ మూలకి సరిగ్గా కింద ఉన్నది ఇంటి వెనక రాట. మిగతావన్నీ టేకు, అదొక్కటే తఖియన్ కర్ర. తఖియన్ చెట్టులో అమ్మ అని ఒక దేవత ఉంటుందనీ, చెట్టు కొట్టి రాట చేసినా ఆమె అందులోంచి కదలదనీ, ఆ రాట నూనె కార్చిందంటే అమ్మకి ఏదో చెప్పాలనుందనీ మా వైపు అందరికీ తెలుసు, తావోన్ మాస్టారికి తప్ప.

నూనె మొదట చూసినవాడు ఉవన్. బైకు టాక్సీ నడుపుతాడు. ఉవన్ అంటే లావుపాటివాడని. అసలు పేరు వాళ్లమ్మకైనా గుర్తుందో లేదో. బేరం లేనప్పుడు వచ్చి ఆ వెనక రాటకి వీపు ఆనించి కూర్చునేవాడు. ఒకరోజు లేవబోతే చొక్కా రాటకి అంటుకుంది.

"జంపక్కా, మీ ఇంటికి చెమట పడుతోంది," అన్నాడు.

"నీకు పట్టిందిలే."

"మగాడి చెమట కొబ్బరి వాసన వస్తుందా? వచ్చి చూడు."

వెళ్లి చూశాను. రాట మీద పైనుంచి కిందకి సన్నటి నూనె చార. కొబ్బరి, నువ్వులు, అరటిపండు. తల ఎత్తి పైన వంటగది నేల వైపు చూశాను. అప్పుడే నిజం చెప్పి ఉంటే ఇంత కథ ఉండేది కాదు.

"పాత కర్ర కదా," అన్నాను.

ఉవన్ అప్పటికే చెప్పులు విప్పేశాడు. బైకు పెట్టెలోంచి పౌడరు డబ్బా తెచ్చి, లాటరీ అంకెలు తేలతాయని రాట మీద చల్లి, అరచేత్తో మెల్లగా రుద్దాడు. ముఖం అటూ ఇటూ తిప్పి, ఒక కన్ను మూసి చూశాడు. నాలుగు, దాని పక్కన ఎనిమిది. నాకైతే ఒక బాతు, దాని పక్కన ఇంకో బాతు కనిపించాయి. ఆ పదహారో తారీఖున లాటరీ తీస్తే చివరి రెండంకెలు నలభై ఎనిమిది.

మర్నాటి ఉదయం నేను గేటు తీసేసరికి బయట అరవై మంది ఉన్నారు. అందరి చేతుల్లో పౌడరు డబ్బాలు.

వారం తిరిగేసరికి రాట కనపడకుండా పోయింది. అమ్మ ఆడమనిషి కదా. పూలదండలు, ఎర్ర సోడా సీసాలు, అమ్మకి తాగడానికి వీలుగా ఒక్కొక్క దాంట్లో ఒక గొట్టం, పట్టు బట్టలు, దువ్వెనలు, లిప్‌స్టిక్కులు వచ్చి పడ్డాయి. లాటరీ టికెట్ల పళ్లెం మెడకి తగిలించుకుని ఊరంతా తిరిగే బున్‌రువాన్ అని ఒక పెద్దావిడ ఉంది. ఆవిడ ఎత్తు మడమల చెప్పుల జత తెచ్చింది.

"రాటకి కాళ్లెక్కడివి పెద్దమ్మా?" అన్నాను.

"రాటకి లేవు, అమ్మకి ఉంటాయి. ముప్పై ఎనిమిది సైజు. రాత్రి కల్లోకి వచ్చి తనే చెప్పింది," అంది బున్‌రువాన్. విన్నవాళ్లు నలుగురు వెంటనే ఆవిడ పళ్లెంలో ముప్పై ఎనిమిది కోసం వెతికారు.

మాస్టారు మొదటి రోజే బెత్తం పుచ్చుకుని రాట దగ్గర నిలబడ్డారు. ఇది కర్ర అనీ, కర్రలో కర్రే ఉంటుందనీ చెప్పారు. పాత కర్రలోంచి ఎండకి జిగురు రావడం మామూలే అన్నారు.

"మరి ఇన్నేళ్లూ మనూళ్లో ఎండ కాయలేదా మాస్టారూ?" అంది బున్‌రువాన్.

ఆ ప్రశ్నకి జవాబు తెలిసిన ఇద్దరం ఆ పక్కనే నిలబడి ఉన్నాం. పిన్ని చీపురు పట్టుకుని శుభ్రంగా ఉన్న చోటే మళ్లీ మళ్లీ ఊడుస్తోంది.

"పిన్నీ, ఇక ఆపేద్దాం," అన్నాను ఆ మధ్యాహ్నం.

"ఇప్పుడు ఆపితే నూనె ఆగుతుంది. ఆగితే మాస్టారికి అనుమానం వస్తుంది. అదీకాక పాపం వాళ్లు పొద్దుటినుంచి వరసలో నిలబడి ఉన్నారే, ఆకలేస్తుంది కదా."

పిన్ని అప్పటికే వరసలో నిలబడ్డవాళ్లకి బజ్జీలు అమ్మడం మొదలుపెట్టింది, ఇంటి దగ్గర చేసి తెచ్చానని చెప్పి. జనం పెరిగితే బజ్జీలు పెరిగాయి, బజ్జీలు పెరిగితే జాడీలో నూనె పెరిగింది, నూనె పెరిగితే రాట మరింత కారింది, రాట కారితే జనం పెరిగారు. ఆ బజ్జీ కొరుకుతూ, ఆ నూనె వాసన చూస్తూ, అమ్మ ఒంటి మీద ఏం పరిమళం అని మురిసిపోతున్న జనాన్ని చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. రెండూ ఒకటే అని ఒక్కరికీ తట్టలేదు.

అప్పుడు మాస్టారికి ఒక ఆలోచన వచ్చింది. రాట చుట్టూ తాడు కట్టించారు. గేటు దగ్గర నల్లబల్ల పెట్టించి, ప్రసంగం పూర్తిగా విన్నవారికే రాట దర్శనం అని గుండ్రటి అక్షరాలతో రాశారు. దండం పెట్టుకోవచ్చు, పౌడరు రుద్దుకోవచ్చు, అగరొత్తి మాత్రం వెలిగించకూడదు. ముందు నలభై రెండు నిమిషాలు కూర్చోవాలి.

జనం కూర్చున్నారు. చెప్పులు విప్పి, కాళ్లు వెనక్కి మడిచి, గురువు ముందు కూర్చున్నట్టు కూర్చున్నారు. పైగా నోటు పుస్తకాలు తీశారు.

మాస్టారి ముఖం నేనెప్పుడూ అలా చూడలేదు. రెండో రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. మూడో రోజు జుట్టుకి నూనె రాశారు, ఉన్న కాసింత జుట్టుకే. ఆయన ఇరవై నాలుగు రాటలు అనగానే వంద పెన్నులు కదిలేవి. తొమ్మిది మెట్లు అంటే మళ్లీ కదిలేవి. కప్పు గురించి చెప్తుంటే ఎవరూ లేవలేదు, ఎవరి ఫోనూ మోగలేదు.

"చూశావా జంపా, వీళ్లలో వడ్రంగం మీద ఇంత ప్రేమ ఉందని నేనే గుర్తించలేదు. చెప్పేవాడు ఓపిక పట్టాలంతే," అన్నారు నాతో.

వాళ్ల పుస్తకాలు నేను చూశాను. చెప్పడానికి నోరు రాలేదు.

మరుసటి నెల ఒకటో తారీఖున లాటరీలో ముప్పై ఏడు వచ్చింది. గడప ఎత్తు ముప్పై ఏడు సెంటీమీటర్లు. మాస్టారు ఆ అంకెని ప్రసంగంలో రెండుసార్లు చెప్తారు. ఒకసారి కొలతగా, ఇంకోసారి గడప తొక్కకుండా దాటమని హెచ్చరిస్తూ. అది విని కట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. మర్నాడు గేటు దగ్గర నాలుగు వందల మంది. ఇప్పుడు దండలు రాటకి కాదు, మాస్టారి మెడలో పడ్డాయి. ఎర్ర సోడా ఆయన చేతికిచ్చారు. ఆయన సిగ్గుపడుతూ గొట్టంతోనే తాగారు.

ప్రసంగం అయ్యాక బున్‌రువాన్ ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. మాస్టారు వంగి, మర్యాదగా అడిగారు.

"అన్నీ రాసుకున్నారు కదమ్మా. మీకు అన్నిటికంటే నచ్చింది ఏది?"

"గడప మాస్టారూ."

ఆయన ముఖం చేటంత అయింది. "చాలా మంచి మాట. గడపలో మీకు ఏం నచ్చింది?"

"ముప్పై ఏడు. దాంతో ఫ్రిజ్ కొనుక్కున్నాను. ఈసారి నావైపు చూసి మెల్లగా చెప్పండి, అందరికీ వినపడక్కర్లేదు."

మాస్టారు చెయ్యి చాపి ఆవిడ పుస్తకం తీసుకున్నారు. ఇరవై నాలుగు, తొమ్మిది, ముప్పై ఏడు. మధ్యలో ఒక్క అక్షరం లేదు. కింద ఒక చోట, 'మాస్టారు చెవి గోక్కున్నారు, రెండుసార్లు' అని ఉంది. పుస్తకం మూసి ఆవిడ చేతిలో పెట్టి, వచ్చి నా టేబుల్ పక్కన ఉన్న ఆ ఊగే పీట మీదే కూర్చున్నారు.

"నీకు తెలుసా?" అన్నారు.

"తెలుసు మాస్టారూ."

"చెప్పలేదే."

"మీరు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు కదా, చెప్పబుద్ధి కాలేదు."

"నిన్న కప్పు గురించి చెప్తుంటే ఒకావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది."

"ఆవిడకి కిందటిసారి ఒక్క అంకెలో పోయింది మాస్టారూ. తలుచుకుని ఏడ్చింది."

ఆయన తల ఊపారు. పీట టకటకమంటూ ఊగింది.

మర్నాడు ఆయన ఒక్క అంకె కూడా లేకుండా ప్రసంగం చెప్పారు. "ఈ ఇంటికి కొన్ని రాటలు ఉన్నాయి. మెట్లు కూడా ఉన్నాయి. గడప ఉండవలసినంత ఎత్తు ఉంది," అన్నారు. జనం ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. మాస్టారు దాస్తున్నారంటే ఈసారి చాలా పెద్దదే వస్తుందన్నమాట అని గుసగుసలు మొదలయ్యాయి. ఆయన ఎన్నిసార్లు దగ్గారో లెక్కపెట్టారు. నీళ్లు ఎన్ని గుటకలు వేశారో లెక్కపెట్టారు. ఎవరో వెనకనుంచి వచ్చి ఆయన బట్టతల మీద పౌడరు చల్లారు. దాని మీద ఆరు ఉందని కొందరు, కాదు తొమ్మిదని కొందరు గొడవపడి, ఎటునుంచి చదవాలో తేల్చడానికి ఆయన్ని కాస్త అటు తిరగమని అడిగారు.

మాస్టారు తల తుడుచుకుని, బెత్తంతో రాటని తట్టారు.

"రేపు ఉదయం ప్రసంగం కాగానే మీ అందరి ముందూ పైన నేల విప్పిస్తాను. ఈ నూనె ఎక్కణ్ణుంచి వస్తోందో చూపిస్తాను. అమ్మ ఉంటే అమ్మని చూద్దాం, లేకపోతే లేదని చూద్దాం," అన్నారు.

పిన్ని చేతిలో చీపురు జారి పడింది.

మర్నాడు మాస్టారు కింద ప్రసంగం మొదలుపెట్టగానే మేమిద్దరం పైకి పరిగెత్తాం. ఆయన గోడ పలకల దగ్గరికి వచ్చేలోపు జాడీని తీసి, వెనక మెట్ల మీదుగా కాలవ గట్టుకి చేర్చాలని మా ఉపాయం. జాడీ నా నడుమంత ఎత్తు. జనం పుణ్యమా అని అప్పటికి దాదాపు నిండిపోయింది. పిన్ని ఒక చెవి పట్టుకుంది, నేను ఇంకో చెవి పట్టుకున్నాను.

"ఎత్తవే," అంది పిన్ని.

"ఎత్తుతున్నాను."

"అది కాదు, గట్టిగా ఎత్తు. తినేటప్పుడు ఉన్న బలం ఇప్పుడేమైంది?"

ఎత్తాం. జాడీ పైకి లేచింది. జాడీ అడుగు మాత్రం నేల మీదే ఉండిపోయింది.

అంత నూనె ఒక్కసారి పోతే చప్పుడు ఉండదు. మెత్తగా, వెచ్చగా మా పాదాల మీదుగా పాకి, వెదురు సందుల్లోంచి కిందికి దిగిపోయింది. కింద మాస్టారు అప్పుడే తాడు దాటి రాట పక్కకి వచ్చి, బెత్తం పైకెత్తి, కర్రలో జిగురు ఏ దారిన దిగుతుందో చూపిస్తున్నారు. సందుల్లోంచి మాకు ఆయన నడినెత్తి కనపడుతోంది. నూనె సరిగ్గా దాని మీదే పడింది.

కింద నాలుగు వందల మందీ ఒకేసారి నేలకి వంగి దండం పెట్టారు. ముందు వరసలో వాళ్లు దోసిళ్లు పట్టి, ఆ నూనె తలకి రాసుకున్నారు. ఉవన్ హెల్మెట్ తీసి తిరగేసి పట్టాడు.

మాస్టారు కదల్లేదు. నూనె నుదుటి మీంచి ముక్కు మీదుగా జారి పెదవి మీదకి వచ్చింది. ఆయన నాలుకతో చూశారు. ముక్కు పోయినా నాలుక పోలేదు. చెవి మీద అంటుకున్న కరకరలాడే ముక్కని వేళ్లతో తీసి, వెలుతురులో పట్టి చూసి, నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలారు.

"నువ్వులు," అన్నారు.

తర్వాత తొమ్మిది మెట్లూ ఎక్కి పైకి వచ్చారు. అంత నూనెలోనూ గడప తొక్కకుండా దాటారు. పిన్ని అడుగు లేని జాడీని ఇంకా కౌగలించుకునే ఉంది. నేను ఒక గుడ్డ పట్టుకుని, దేన్ని తుడవాలో తెలియక నిలబడ్డాను. మాస్టారు నేరుగా వెళ్లి కుంపటి మీద చెయ్యి పెట్టి, చటుక్కున తీసేశారు.

"పాత కాలపు కుంపటి. కాలుతోంది," అన్నారు.

"పొద్దున్నే ఒక్క వాయి మాస్టారూ, వరసలో ముసలివాళ్లున్నారని," అంది పిన్ని.

"ఎన్నాళ్ల నుంచి?"

"మీరు మెట్లు మార్పించిన ఏడాది నుంచి."

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టబోయి, కింద జనం ఉన్నారని గుర్తొచ్చి ఆపేశారు. ఆయనకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

"లమియద్, నేను దేవత గూట్లో కూడా అగరొత్తి వెలిగించనివ్వలేదు. జనం నన్ను పాపాత్ముడన్నారు, పడ్డాను. ఈ ఇంట్లో ఒక్క మేకు లేదు. మేకులుంటే కాలిపోయాక ఏరుకోడానికి అవైనా మిగులుతాయి."

పిన్ని జాడీని గోడకి ఆనించి, చేతులు కట్టుకున్న గుడ్డకి తుడుచుకుని, వసారా చివర కటకటాల దగ్గరికి వెళ్లింది. కింద జనమంతా తల ఎత్తి చూశారు.

"వినండి, అది అమ్మ నూనె కాదు. నా బజ్జీల నూనె. మాస్టారు చూడకుండా ఇక్కడ వేయించి, జాడీలో పోశాను. జాడీకి బీట ఉంది. మీరు తిన్నదీ, తలకి రాసుకున్నదీ ఒకటే," అంది. అని ఏడ్చేసింది.

కింద అందరూ ఎవరి తల వాళ్లు తడుముకున్నారు. చివరికి బున్‌రువాన్ లేచి నిలబడింది.

"నిజమే చెప్తున్నావా లమియద్?"

"నిజం అక్కా."

"మూకుట్లో ఒక వాయికి ఎన్ని వేస్తావు?"

పిన్ని ముక్కు చీది ఆలోచించింది. "పదమూడు."

నాలుగు వందల పెన్నులు బయటికి వచ్చాయి.

"ఎవరూ పదమూడు కట్టకండి," అన్నారు మాస్టారు కటకటాల దగ్గరికి వచ్చి. తలమీంచి నూనె ఇంకా కారుతోంది, వెనక నుంచి పొద్దుటి ఎండ పడుతోంది, మనిషి బంగారు పూత పూసినట్టున్నారు. "అది ఉత్త బజ్జీల లెక్క. అందులో ఏమీ లేదు."

"వద్దంటున్నారంటే అదే," అన్నాడు ఉవన్ కింద.

మాస్టారు వెనక్కి తిరిగి వచ్చి గడప మీద కూర్చున్నారు. ఎవరినీ కాలు కూడా పెట్టనివ్వని గడప మీద. కూర్చుని నవ్వడం మొదలుపెట్టారు. భుజాలు ఊగిపోయేలా, కళ్లలోంచి నీళ్లు వచ్చేలా నవ్వారు. పిన్ని భయపడి ఆయనకి నీళ్లిచ్చింది.

ఆ పదహారో తారీఖున అరవై వచ్చింది. పదమూడుకి దగ్గరలో కూడా లేదు. రెండు రోజుల్లో జనం పలచబడ్డారు. పక్క జిల్లాలో ఎవరి పెరట్లోనో అరటిచెట్టు నడుములోంచి గెల వేసిందట, అందరూ అక్కడికి వెళ్లారు. బున్‌రువాన్ వెళ్తూ వెళ్తూ ఎత్తు మడమల చెప్పులు తిరిగి తీసుకుంది. ఆ అరటిచెట్టు కూడా ఆడదేనట, పాదం కాస్త పెద్దదై ఉండొచ్చని మాత్రం అనుమానపడింది.

మాస్టారు పిన్నిని పనిలోంచి తీసెయ్యలేదు. కుంపటి కడిగించి లోపల తాళం వేశారు. బజ్జీలు కాలవ గట్టు మీద, ఇంటికి ముప్పై అడుగుల దూరంలో వేయించుకోమన్నారు. నాకూ పిన్నికీ కలిపి ఒకే శిక్ష వేశారు. ప్రసంగం చివరిదాకా వినాలి.

సోమవారం, మ్యూజియానికి సెలవు రోజు, మేమిద్దరం పైన వసారాలో చాప మీద కూర్చున్నాం. పలకలు అయ్యాయి, కప్పు అయింది, గడప అయింది. పిన్ని రెండుసార్లు తూలింది. ముప్పై అయిదో నిమిషం దాటాక మాస్టారు బెత్తం పక్కన పెట్టి, ఈ ఇల్లు ఇక్కడిది కాదు అన్నారు.

ఈ ఇల్లు కట్టించిన ఛోయ్ అవ్వ మొదట పై ఊళ్లో ఉండేదట. పక్కింటాయన కోడిపుంజు రోజూ తెల్లవారుజామున మూడింటికి సరిగ్గా ఆమె పడకగది కింద చేరి కూసేది. రెండేళ్లు మొత్తుకుంది. చివరికి పక్కింటాయన, అంత ఇబ్బందిగా ఉంటే నీ ఇల్లు తీసుకుని పో అన్నాడు. సరే అంది ఛోయ్ అవ్వ. ఆయన మేనకోడలి పెళ్లికని పొరుగూరు వెళ్లిన రోజు చూసుకుని ఇరవై మందిని పిలిపించి, పొద్దు వాలేలోపు ఇల్లు మొత్తం పలక పలకగా విప్పించి, ఏడు పడవల్లో వేయించుకుని కాలవ దిగువకి వచ్చేసింది. పెళ్లి భోజనం తిని వచ్చిన ఆయనకి పక్కన ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు. ఇల్లు ఇక్కడ నిలబెట్టాక మొదటి రాత్రి అవ్వ రెండేళ్ల తర్వాత హాయిగా పడుకుంది. మూడింటికి కోడి కూసింది. పుంజు కప్పు పలకల మధ్య నిద్రపోతూ వాటితో పాటు పడవలో వచ్చేసింది.

పిన్ని పూర్తిగా మేలుకుంది. "తర్వాత? కోసేసిందా?"

"లేదు. నీ యజమాని కంటే నీకే విశ్వాసం ఉందని పెంచుకుంది. అది బతికిన తొమ్మిదేళ్లూ మూడింటికే లేచింది."

పిన్ని నవ్వీ నవ్వీ చాప మీద పక్కకి ఒరిగిపోయింది. తర్వాత లేచి, కళ్లు తుడుచుకుని, నిజంగా కోపంగా అడిగింది.

"మాస్టారూ, ఇది మొదట్లో చెప్పొచ్చు కదా. ఇన్నేళ్లు వాళ్లనీ వీళ్లనీ పలకలతో ఎందుకు చంపారు?"

"పలకలు ఎలా విప్పుతారో తెలియకపోతే ఒక్క రోజులో విప్పిన గొప్ప ఎలా తెలుస్తుంది? దేనికైనా ఒక వరస ఉంటుంది," అన్నారు మాస్టారు.

వరస మార్చడానికి ఆయన ఒప్పుకోలేదు. ఆ కథ పిన్ని ఉవన్‌కి చెప్పింది, బజ్జీలు కొనుక్కోడానికి వచ్చినప్పుడు. ఉవన్ దాన్ని బస్టాండు నుంచి ఎక్కించుకున్న ప్రతివాళ్లకీ చెప్పడం మొదలుపెట్టాడు. నడుస్తున్న బైకు మీంచి ఎవరూ దిగిపోలేరు కదా. చాలామంది మార్కెట్‌కని ఎక్కి మ్యూజియం దగ్గర దిగుతున్నారు. ఇప్పుడు రోజుకి పది పదిహేను మంది వస్తారు. అందరూ నలభై రెండు నిమిషాలూ కూర్చుంటారని చెప్పను గానీ, కోడి కోసం కూర్చునేవాళ్లు కొందరున్నారు.

అయితే ఉవన్ సరిగ్గా చెప్తున్నాడో లేదోనని మాస్టారికి బెంగ పట్టుకుంది. కిందటి వారం బస్టాండుకి నడిచి వెళ్లి, మామూలు ప్రయాణికుడిలా హెల్మెట్ పెట్టుకుని వాడి వెనక ఎక్కారు. వాడు గుర్తుపట్టలేదు. సగం దారిలో ఏమైందో నాకు ఉవనే చెప్పాడు.

"ఆ పడవలో కప్పు పలకలు ఎత్తి చూస్తే కింద ఏముందనుకున్నారు, మొసలి," అన్నాడట వీడు.

వెనకనుంచి బెత్తం వాడి హెల్మెట్ మీద పడింది.

"కోడి," అన్నారట మాస్టారు.

"మొసలైతే టిప్పు ఎక్కువిస్తున్నారు మాస్టారూ."

"మొసలి తెల్లవారుజామున మూడింటికి కూస్తుందా?"

ఉవన్ ఆ మాట గురించి వంతెన దాకా ఆలోచించాడట. ఇప్పుడు కోడి అనే చెప్తున్నాడు. కాకపోతే దాన్ని మేకపిల్లంత చేశాడు. మాస్టారు రేపు మళ్లీ ఎక్కుతానంటున్నారు.